జున్ను మీద మేడలు

అమ్మ జున్ను వండి పళ్ళెంలో బోర్లించినప్పుడు, పళ్ళెం అంచును మీరెప్పుడైనా వేలితో తట్టి చూశారా? పళ్ళెం కదిలినట్టే ఉండదు. జున్ను మాత్రం వణుకుతూనే ఉంటుంది. మెక్సికో నగరంలో చాలాభాగం అటువంటి నేల మీదనే ఉన్నది.

పూర్వం అక్కడ పెద్ద సరస్సు ఉండేది. అజ్‌టెక్కులనేవారు అందులోని దీవి మీద తమ రాజధాని కట్టుకున్నారు. తరవాత వచ్చిన స్పెయిన్ వారు సరస్సు నీటిని బయటికి మళ్ళించారు. నీరు పోయినా అడుగున బంకమన్ను పొరలు మిగిలాయి. ఆ మన్ను ఒక పాలయితే, అందులో నీరు రెండు మూడు పాళ్ళు! గట్టి పొర తగలాలంటే 30, 40 మీటర్లు దిగాలి.

1985 సెప్టెంబరు 19 ఉదయం పసిఫిక్ తీరాన పెద్ద భూకంపం వచ్చింది. అది నగరానికి సుమారు 350 కిలోమీటర్ల దూరం. నగరంలోనే రాతినేల మీద ఉన్న పేటలలో అట్టే నష్టం జరగలేదు. పాత సరస్సు ఉన్నచోట మాత్రం నేల అంతకు నాలుగైదు రెట్లు ఊగింది. వందలకొద్దీ మేడలు కూలాయి, వేలకొద్దీ జనం చనిపోయారు.

ఇందులో ఒక చిత్రం ఉన్నది. కూలినవాటిలో చాలాభాగం 6 మొదలు 15 అంతస్తుల మేడలు. పాత పొట్టి ఇళ్ళు చాలావరకు నిలిచాయి. 44 అంతస్తుల లాటినోఅమెరికానా గోపురమూ నిలిచింది! ఎందువల్ల?

పలక మీద గట్టి మట్టిముద్ద పెట్టి పొట్టిదీ, మధ్యరకందీ, పొడుగుదీ మూడు చీపురుపుల్లలు గుచ్చండి. కొసలకు చిన్న మట్టి ఉండలు పెట్టండి. పలకను మెల్లిగా అటూ ఇటూ జరిపితే పొడుగుపుల్ల ఊగిపోతుంది, తక్కినవి ఊరుకుంటాయి. వేగం హెచ్చిస్తే మధ్యది, ఇంకా హెచ్చిస్తే పొట్టిది అందుకుంటుంది. ప్రతి పుల్లకూ తన తాళం ఉన్నదన్నమాట. (మట్టి ఎండకముందే పలక కడిగెయ్యండి. లేకపోతే ఇంట్లో వాళ్ళు నన్ను తిడతారు.)

మేడలకూ తాళం ఉన్నది, నేలకూ ఉన్నది. ఆనాడు ఎక్కువ నష్టం జరిగినచోట బంకమన్ను సుమారు రెండు సెకండ్లకొకసారి ఊగింది. పది అంతస్తుల మేడ గట్టినేల మీదయితే ఇంచుమించు సెకండుకొకసారి ఊగుతుంది. మెత్తని నేలలో పునాది కూడా ఒరుగుతూ లేస్తూ ఉంటుంది గనక ఆ ఊపు నెమ్మదిస్తుంది. గోడలూ స్తంభాలూ బీటలు వారితే మరీ నెమ్మదిస్తుంది. అలా నెమ్మదించి నెమ్మదించి, అటువంటి మేడలు నేల తాళంలో పడ్డాయి! ఇక, ఉయ్యాలను సమయం చూసి తోసినట్టే, ప్రతి ఊపూ ముందటి ఊపుకు తోడయింది.

మరి గోపురమో? 1956లో దాన్ని కట్టడం పూర్తిచేశారు. అంతకు ముందే ఇంజనీర్లు నేలలో లోతుగా బోర్లు వేసి, ఏ పొర ఎటువంటిదో పరీక్షించి చూశారు. దాని కింద 361 స్తంభాలు మెత్తని బంకమన్ను దాటి, 33 మీటర్ల లోతున గట్టి ఇసుక పొర మీద ఆని ఉన్నాయి. పైగా అంత పొడుగు మేడ ఒకసారి ఊగటానికి మూడు సెకండ్లు దాటుతుంది. నేల తాళం దానికి కుదరలేదు.

2017లో, సరిగ్గా అదే సెప్టెంబరు 19న, అక్కడ మరొక భూకంపం వచ్చింది. అది నగరానికి దగ్గిరలో పుట్టింది. దాని ఊపు చురుకైనది. ఈసారి ఎక్కువ దెబ్బ తిన్నది పాత సరస్సు అంచు ప్రాంతం, అంటే బంకమన్ను పల్చగా ఉన్నచోటు. అక్కడ కూలినవాటిలో చాలాభాగం 1985లో కూలినవాటికన్న పొట్టి మేడలు. గోపురం ఈసారీ నిలిచింది.