పాత బొమ్మరిల్లును బాగుచేయడం ఎలా?

గుజ్జనగూళ్ళు వండటం, బొమ్మల పెళ్ళిళ్ళు చేయడం, ఇసుకలో ఇళ్ళు కట్టడం తెలుగు పిల్లలకు అనాదిగా తెలిసిన ఆటలు. సాయంత్రం ఆట ముగియగానే ఆ ఇసుక ఇల్లు చెరిగిపోతుంది. యూరపు ఖండంలో బొమ్మరిల్లు అంటే అట్లా కాదు. అది కొయ్యతో కట్టి, రంగులు వేసి, గదుల్లో కుర్చీలు, మంచాలు, వంటపాత్రలు అమర్చిన శాశ్వతమైన వస్తువు. తల్లినుండి కూతురికి, కూతురినుండి మనుమరాలికి సంక్రమించేది. అటువంటి ఇల్లు ఎనభై, నూరేళ్ళు అటకమీద పడివుండి తిరిగి వెలుగులోకి వచ్చినప్పుడు కప్పు రంగు వెలసి, గోడల కాగితం ఊడి, తలుపులు బిగిసి కనిపిస్తుంది. చూసినవారికి వెంటనే తోచేది ఒక్కటే: గరుకు కాగితంతో శుభ్రంగా రుద్ది, కొత్త రంగు పూస్తే సరిపోతుందని. సరిగా ఆ పనే చేయరాదు. ఇందుకు రెండు కారణాలున్నవి. ఆ రంగులో విషం ఉండవచ్చు. ఆ రంగులో చరిత్ర కూడా ఉండవచ్చు.

ప్రభువుల వినోదం, పిల్లల ఆటవస్తువు

బవేరియా ప్రభువు ఐదవ ఆల్బ్రెక్ట్ 1558 నాటికి ఒక బొమ్మరిల్లు చేయించినట్లు దాఖలాలున్నవి. అది పిల్లల కోసం కాదు. తన వైభవాన్ని అతిథులకు చూపడానికి. జర్మనీలోని న్యూరెంబర్గు మ్యూజియంలో 1639 నాటి బొమ్మరిల్లు నేటికీ ఉన్నది. ఆమ్‌స్టర్‌డాంలోని రైక్స్ మ్యూజియంలో ఉన్న పెట్రొనెల్లా ఓర్ట్‌మన్ బొమ్మరిల్లు సుమారు 1686-1710 మధ్య తయారయింది. దానికి ఆమె పెట్టిన ఖర్చుతో ఆ నగరంలో కాలువ ఒడ్డున నిజమైన ఇల్లే కొనవచ్చునని చెబుతారు. అందులోని చిట్టి పింగాణీ పాత్రలను చైనానుండి తెప్పించారు.

పందొమ్మిదవ శతాబ్దంలో కర్మాగారాలు వచ్చిన తరువాత బొమ్మరిల్లు మధ్యతరగతి ఇళ్ళకు చేరింది. జర్మనీలో మారీన్‌బర్గు పట్టణపు గాట్‌షాక్ కంపెనీ, అమెరికాలో రోడ్ ఐలండు రాష్ట్రపు బ్లిస్ కంపెనీ కొయ్యపై రంగుల అచ్చు కాగితం అతికించి ఇటుకలు, కిటికీలు చిత్రించేవి. ఇంగ్లండులో 1919లో స్థాపితమైన లైన్స్ బ్రదర్స్ కంపెనీ ట్రయాంగ్ అనే పేరుతో ఎన్నో ఇళ్ళు చేసి, 1971లో మూతపడింది. ఇప్పుడు బాగుచేతకు వచ్చే పాత ఇళ్ళు చాలావరకు ఇటువంటి కర్మాగారాలలో తయారైనవే.

వీటి విలువ ధరలో మాత్రమే లేదు. నిజమైన ఇళ్ళకు కొన్నేళ్ళకొకసారి సున్నం, రంగు వేస్తారు, వంటగది మారుస్తారు, పాత కాగితం గీకి పారవేస్తారు. అటకమీద మరచిపోయిన బొమ్మరిల్లులో ఆ కాలపు పొయ్యి, గోడకాగితం, నేలచాప ఎక్కడివక్కడే ఉండిపోతవి. సామాన్యుల ఇంటి లోపలి రూపానికి అటువంటి సాక్ష్యం మరొకచోట దొరకడం అరుదు. గీకిన సాక్ష్యాన్ని తిరిగి అతికించే జిగురు లేదు.

మొదట చూపు, తరువాత చేయి

కనుక మొదటి పని చూడటం. ప్రతి గదికి, ప్రతి గోడకు ఫోటో తీయాలి. ఊడిన ముక్కలను, అవి ఎంత చిన్నవైనా, దొరికిన చోటు రాసిన కవర్లలో వేయాలి. రంగు పెచ్చు ఊడిన అంచును భూతద్దంతో చూస్తే పొరలు మెట్లవలె కనబడతవి. పైన తెల్లరంగు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద అసలు కాగితం ఉండవచ్చు. అడుగునున్నది కర్మాగారం వేసినది. పైవి తరువాతి తరాలవారు వేసినవి.

ఈ పొరలే కాలనిర్ణయానికి ఆధారం. ఉదాహరణకు, గాట్‌షాక్ ఇళ్ళకు తొలికాలంలో నీలిరంగు కప్పు ఉండేది. తరువాతి కాలంలో ఎరుపు కప్పు వాడుకలోకి వచ్చింది. నీలికప్పు ఇంటికి ‘అందంగా ఉంటుంది’ అని ఎరుపు పూస్తే ఆ ఇల్లు తన వయస్సును గూర్చి అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది.

రంగులో విషం

పాత తైలవర్ణాలలో తెలుపుకు సీసపు కార్బొనేటు, పసుపుకు సీసపు క్రోమేటు, ఎరుపుకు సీసపు ఆక్సైడు వాడేవారు. ఈ రంగును పొడిగా రుద్దితే సీసం ధూళిగా మారి ఊపిరితో లోపలికి పోతుంది. చేతులనుండి నోటికి చేరుతుంది. మంటతో కాల్చి తీస్తే పొగగా వ్యాపిస్తుంది. పెరిగే పిల్లల మెదడుకు సీసం స్వల్ప పరిమాణంలోనూ హానికరం. అమెరికాలో 1978లో ఇళ్ళ రంగులలో సీసాన్ని నిషేధించారు. భారతదేశంలో 2016 నాటి నియమాల ప్రకారం ఇంటి రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదు. అంతకుముందు కాలపు రంగు ఏదైనా సరే, పరీక్షించేదాకా సీసం ఉన్నట్లే భావించడం క్షేమం.

రెండవ విషం ఆర్సెనిక్. స్వీడన్‌లో పనిచేసిన రసాయనజ్ఞుడు షీలే 1775లో రాగి, ఆర్సెనిక్‌లతో కూడిన ఆకుపచ్చ రంగును కనుగొన్నాడు. 1814లో అంతకంటె మెరుగైన పచ్చరంగు జర్మనీలో తయారయింది. పందొమ్మిదవ శతాబ్దపు గోడకాగితాలలో, కృత్రిమ పుష్పాలలో ఈ రంగులు విరివిగా వాడారు. ఆ కాలపు బొమ్మరిల్లులో నిగనిగలాడే ఆకుపచ్చ కాగితం కనబడితే దానిని గీకరాదు. చేతి తొడుగులు లేకుండా ముట్టరాదు.

అందువల్ల ఇటువంటి ఇంటిని బాగుచేసే పని పెద్దలదే. పొడి రుద్దుడు పనికిరాదు. తడిగుడ్డతో ధూళిని అణచాలి. పని ముగిశాక చేతులు కడగాలి. రంగు గట్టిగా అంటుకొని ఉంటే దానిని అట్లాగే ఉంచి, ఇంటిని పిల్లల ఆటకు కాక ప్రదర్శనకు ఉంచడమే ఉత్తమం.

మురికి ఏది? రంగు ఏది?

దుమ్మును మెత్తని కుంచెతో దులపాలి. తరువాత శుద్ధజలంలో ముంచి పిండిన దూదిపుల్లతో కనబడని మూలలో పరీక్షించాలి. దూదికి రంగు అంటితే వెంటనే ఆపాలి. మ్యూజియంలలో పురాతన చిత్రాలను ఉమ్మితో తుడిచే అలవాటు ఉన్నదంటే పాఠకులు నవ్వవచ్చు. కాని ఉమ్మిలో అమైలేజు అనే ఎంజైము ఉన్నది. మురికిలోని కొన్ని జిగట పదార్థాలను అది విడగొడుతుంది. పోర్చుగీసు పరిశోధకులు 1990లో దీనిని పరీక్షించి నిజమేనని తేల్చారు. 2018లో వారికి హాస్యపూర్వకమైన ఇగ్ నోబెల్ బహుమతి లభించింది. అయితే సీసపు రంగు ఉన్నచోట ఈ పద్ధతి పనికిరాదు. రంగును తాకిన దూది తిరిగి నోటికి చేరరాదు.

కొన్ని మచ్చలు మురికి కావు. సీసపు తెలుపు గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడుతో కలిసి నల్లని సీసపు సల్ఫైడుగా మారుతుంది. దానిని ఎంత రుద్దినా నలుపు పోదు, రంగే పోతుంది. నిపుణులు పలుచని హైడ్రోజన్ పెరాక్సైడుతో ఆ నలుపును తెల్లని సీసపు సల్ఫేటుగా మార్చగలరు. ఇక్కడ పనిచేసేది చేతిబలం కాదు, రసాయన చర్య.

ఊడదీయగల జిగురు

పాత వడ్రంగులు పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు వాడేవారు. వేడినీటి తేమ తగిలితే అది మెత్తబడుతుంది. అతుకును విప్పి, సరిచేసి, తిరిగి అతికించవచ్చు. నేటి ఎపాక్సీ జిగురు గట్టిపడిన తరువాత కరగదు. దానితో అతికించిన భాగం మళ్ళీ విరిగితే అతుకు వద్ద కాక పక్కనున్న పాత చెక్కలో చీలుతుంది. అందువల్ల జిగురు చెక్కకంటె బలమైనది కాకూడదు. గోడకాగితానికి గోధుమ గంజి మంచిది. నీటితో ఎప్పుడైనా ఉబ్బి ఊడుతుంది. పురుగు పట్టకుండా లైలో మైలుతుత్తం కలిపే అలవాటు ఇక్కడ పనికిరాదు. రాగి లవణం కాగితం క్షీణించడాన్ని వేగిరపరుస్తుంది.

చెక్క తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుపోతుంది. ఈ మార్పు పోగు పొడవున దాదాపు ఉండదు, అడ్డంగా ఎక్కువ. అందుకే గోడకాగితం పలకల అతుకుల వెంబడే చిరుగుతుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత నూటికి 45-55 మధ్య నిలకడగా ఉంటే ఈ బాధ తగ్గుతుంది.

చెక్కలో ఆవగింజంత గుండ్రని రంధ్రాలుంటే పుచ్చుపురుగు ఉన్నట్లు గుర్తు. రంధ్రంనుండి లేతరంగు పొడి కొత్తగా రాలుతుంటే పురుగు ఇంకా బ్రతికే ఉన్నది. రంగు వేయని చిన్న సామానును గాలి చొరని సంచిలో పెట్టి సున్నాకు దిగువ 18 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద రెండు వారాలుంచితే పురుగు చస్తుంది. సెల్యులాయిడు బొమ్మలుంటే వేరుగా తీసి ఉంచాలి. అవి సులభంగా అంటుకొంటవి. పాతబడినకొద్దీ ఆమ్లవాయువులు విడిచి పక్కనున్న లోహపు సామానును తినివేస్తవి.

పన్నెండవ వంతు లోకం

ఇక అలంకరణ. బొమ్మరిళ్ళలో ప్రసిద్ధమైన కొలత అడుగుకు అంగుళం, అనగా పన్నెండవ వంతు. ఆరడుగుల మనిషి ఆరంగుళాలవుతాడు. అయితే కర్మాగారపు పాత ఇళ్ళన్నీ ఈ కొలతను పాటించవు. తలుపు ఎత్తు కొలిచి, దానికి తగిన సామానునే ఎన్నుకోవాలి. గోడకాగితంపై నాలుగంగుళాల పువ్వు ఇక్కడ అంగుళంలో మూడవ వంతు కావాలి. లేకపోతే గోడకు తామరాకులు అతికించినట్లుంటుంది.

పొడవు పన్నెండవ వంతైతే వైశాల్యం 144వ వంతు, ఘనపరిమాణం 1,728వ వంతు అవుతుంది. 86.4 కిలోగ్రాముల బీరువాకు అదే కొయ్యతో నమూనా చేస్తే 50 గ్రాములు తూగుతుంది. వేలు తగిలితే పడిపోతుంది. కనుక కాళ్ళకింద రవ్వంత మైనం పెడతారు.

తెరలతో మరొక చిక్కు ఉన్నది. నిజమైన కిటికీకి కట్టే గుడ్డనే చిన్నగా కత్తిరించి వేలాడదీస్తే అది అట్టముక్కవలె బిర్రుగా నిలుస్తుంది. గుడ్డ మందం మారలేదు, దానిని కిందికి లాగే బరువు తగ్గింది. ఒకే గుడ్డ తన బరువుకు తాను వంగే పాలు పొడవుయొక్క ఘనాన్ని అనుసరించి తగ్గుతుంది. పన్నెండవ వంతు పొడవుకు 1,728 రెట్లు తగ్గుతుంది. అందుకే అతి పలుచని పట్టును ఎన్నుకొని, గంజి పెట్టి, మడతలు గుండుసూదులతో బిగించి ఆరబెడతారు.

నీరు అంతకంటె మొండిది. న్యూఢిల్లీలోని రాష్ట్రపతి భవనాన్ని రూపొందించిన ఎడ్విన్ లుట్యెన్స్, ఇంగ్లండు రాణి మేరీ కోసం 1921-24 మధ్య పన్నెండవ వంతు కొలతలో ఒక బొమ్మరిల్లును రూపొందించాడు. నేడు విండ్సర్ కోటలో ఉన్న ఆ ఇంటిలో విద్యుద్దీపాలు, లిఫ్టులు, నీరు వచ్చే కుళాయిలు ఉన్నవి. కాని నీటిబొట్టు పరిమాణాన్ని నిర్ణయించేది శిల్పి కాదు, తలతన్యత. నాలుగు మిల్లీమీటర్ల బొట్టు ఆ ఇంటి మనిషికి దాదాపు రెండంగుళాల బంతిగా తోస్తుంది.

వెలుతురు, తుదిమాట

పాత బొమ్మరిళ్ళలో కొన్నిటికి టార్చి బల్బులు అమర్చారు. తీగల తొడుగు పెళుసుబారి ఉంటే వాడరాదు. బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్‌ఇడి దీపాలు ఇప్పుడు ఉన్నవి; పాత బల్బులవలె అవి గదిని వేడెక్కించవు. బయటి వెలుతురుకు కూడా లెక్క ఉన్నది. కాగితం, గుడ్డ వెలసిపోవడం కాంతి తీవ్రతను, కాలాన్ని గుణించగా వచ్చిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. మ్యూజియంలు ఇటువంటి వాటికి 50 లక్సుల కాంతినే అనుమతిస్తవి. నడి ఎండ సుమారు 1,00,000 లక్సులు. అనగా గంటసేపు ఎండలో పెట్టడం మ్యూజియంలో 2,000 గంటలు ఉంచడంతో సమానం. ఎండలో అతినీలలోహిత కిరణాల కీడు దీనికి అదనం.

కొత్తగా చేర్చిన ప్రతి ముక్క వెనుక సంవత్సరం రాసి ఉంచాలి. తరువాతి తరంవారు పాతదేదో, కొత్తదేదో గుర్తించగలగాలి. కావాలంటే కొత్తదానిని తీసివేయగలగాలి. బాగుచేతకు ఇదే ప్రధాన సూత్రం.

ఈ సూత్రం విదేశపు బొమ్మరిళ్ళకే పరిమితం కాదు. సంక్రాంతికో, దసరాకో బొమ్మల కొలువు తీర్చే ఇళ్ళలో తాతల నాటి కొండపల్లి బొమ్మలు పెట్టెల్లో ఉంటవి. తేలికైన తెల్లపొణికి చెక్క, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు, పైన సున్నపు పూత, ఆపైన రంగు - ఇదీ వాటి నిర్మాణం. నీటిరంగు వేసిన పాత బొమ్మను తడిగుడ్డతో తుడిస్తే దుమ్ముతోపాటు ముఖం కూడా పోతుంది. పూత ఊడకుండా ఉన్న బొమ్మకు మెత్తని కుంచె చాలు. మిగిలిన పాత రంగు మాసినదైనా, దానిని వేసిన చేతికి అదే గుర్తు.