బొమ్మ కదిలింది... కబురు చెప్పింది!

ఫోన్లో బొత్తాం నొక్కితే కాస్త లోపలికి కుంగుతుంది. డబ్బు చేరగానే పచ్చటి టిక్కు విచ్చుకుంటుంది. అక్కర్లేని సందేశాన్ని వేలితో నెడితే పక్కకి జారి మాయమైపోతుంది. చూడ్డానికి ఇవన్నీ సోకుల్లా ఉంటాయి. కానీ ఒక్కో కదలికా ఒక్కో మాట. 'విన్నాను', 'పని అయింది', 'ఇదిగో, ఇక్కడ పెట్టాను' అని తెర మనతో చెప్పే మాట. ఇంతకీ ఆ బొమ్మల్ని కదిలిస్తున్నది ఎవరు? ఎలా?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల మధ్య నిలబడి ధర వాకబు చేసే రైతు చేతిలోనూ ఫోనే. సాయంత్రం అంగట్లో కూరగాయలమ్మి, డబ్బు పడిందో లేదో చూసుకునే అమ్మ చేతిలోనూ ఫోనే. ఇప్పుడు పత్తి అమ్మకం కూడా అందులోకే వచ్చింది. 2025-26 సీజన్లో భారత పత్తి సంస్థ 'కపాస్‌ కిసాన్‌' యాప్‌ తెచ్చింది. మద్దతు ధరకి పత్తి అమ్ముకోవాలంటే రైతు అందులో పేరు నమోదు చేసుకుని, సరకు ఏ రోజు తీసుకురావాలో స్లాట్‌ బుక్‌ చేసుకోవాలి. ఆ సీజన్లో పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. బయట ధర అంతకన్నా తగ్గిన రోజున ఆ స్లాటు విలువేంటో గుంటూరు, పల్నాడు, ప్రకాశం రైతులకి వేరే చెప్పక్కర్లేదు.

ఏదో ఒక యాప్‌లో ఓ రైతు 'బుక్‌' అన్న బొత్తాం నొక్కాడనుకోండి. తెర మీద ఏ చలనమూ లేదు. నొక్కింది పడిందా, పడలేదా? మళ్లీ నొక్కుతాడు. అయినా ఏమీ కాకపోతే విసిగిపోయి మూసేస్తాడు. ఒక స్లాటుకి రెండు పడ్డాయో, అసలు పడనే లేదో తెలీదు. బొత్తాం కాస్త కుంగి, చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టి ఉంటే ఈ అయోమయమే ఉండేది కాదు.

దీనికి లెక్కలున్నాయి. కంప్యూటర్‌ తెరల వాడకం మీద పనిచేసిన జాకబ్‌ నీల్సన్‌ 1993లో వాటిని వివరంగా రాశాడు. సెకనులో పదోవంతులోపు జవాబొస్తే, పని తన చేత్తోనే జరిగినట్టు మనిషికి అనిపిస్తుంది. ఒక సెకను దాటితే ఆలోచన తెగుతుంది. పది సెకన్లు దాటితే మనసు వేరే పని మీదకి పోతుంది. వేలు తగిలిన వెంటనే తెర కదలాలన్నది అందుకే.

మొదలు, చివర, వ్యవధి

తెర మీద కనిపించే ప్రతి వస్తువుకీ కొన్ని గుణాలుంటాయి. ఎక్కడుంది, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎటు తిరిగి ఉంది, ఏ రంగు, ఎంత పారదర్శకం... ఇవన్నీ యాప్‌కి అంకెలే. ఇంజినీర్లు వీటిని 'ప్రాపర్టీలు' అంటారు. వస్తువుని కదిలించడమంటే ఆ అంకెల్ని కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోవడమే.

ఇందుకు ప్రోగ్రామరు చెప్పాల్సినవి ముఖ్యంగా మూడే. అంకె ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఎంతసేపట్లో చేరాలి. మధ్యలో అంకెలన్నీ ఫోనే లెక్కేసుకుంటుంది. ఉదాహరణకి ఒక బొత్తాం 300 చుక్కల దూరాన్ని 0.3 సెకన్లలో దాటాలి. మామూలు ఫోన్‌ తెర సెకనుకి 60 సార్లు కొత్త చిత్రాన్ని చూపిస్తుంది. అంటే 0.3 సెకన్లలో 18 చిత్రాలు. ప్రతి చిత్రానికీ బొత్తాం 17 చుక్కల దాకా జరుగుతుంది. 18 చిత్రాలు వెంటవెంటనే మారేసరికి, మన కళ్లకి బొత్తాం నున్నగా జారినట్టు కనిపిస్తుంది.

రంగు మారడం మరీ తమాషాగా ఉంటుంది. ఫోన్లో రంగంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు చెప్పే మూడు అంకెలు. ముదురు ఆకుపచ్చ నుంచి ఎరుపుకి మారేటప్పుడు మూడింటినీ విడివిడిగా మార్చుకుంటూ వెళితే, సగం దారిలో గోధుమ రంగు వస్తుంది. చెట్టు మీద పచ్చిమిరపకాయ పండేటప్పుడు మధ్యలో తిరిగే చాక్లెట్‌ రంగు లాంటిదే. అలా కాకుండా, మూడు పాళ్లనీ కలిపి దాచిన పెద్ద సంఖ్యని ఒకే అంకె అనుకుని లెక్కేస్తే మధ్యలో సంబంధం లేని రంగులన్నీ మెరిసి పోతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచూ పడే గొయ్యి ఇది.

బండలాగుడులో ఉంది కిటుకు!

మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో కదిలితే బొమ్మ మరబొమ్మలా కనిపిస్తుంది. లోకంలో ఏదీ అలా కదలదు మరి. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలనే చూడండి. కాడి కట్టి అదిలించగానే బండ పరుగెత్తదు. గిత్తలు మోకాళ్లు వంచి, బిగబట్టి లాగితే ముందు అంగుళం కదులుతుంది. తర్వాత జానెడు. ఆ తర్వాతే ఊపందుకుంటుంది. బస్టాండులోకి వచ్చే ఎర్రబస్సు సంగతి దీనికి తిరగేసి. వేగంగా వచ్చి, మెల్లమెల్లగా తగ్గి ఆగుతుంది.

ఈ నడకనే ఇంజినీర్లు 'ఈజింగ్‌' అంటారు. లెక్క చాలా సులువు. గడిచిన సమయాన్ని 0 నుంచి 1 దాకా కొలిచి, దాన్ని దానితోనే గుణిస్తే గిత్తల నడక వస్తుంది. సగం సమయానికి సగాన్ని సగంతో గుణిస్తే పావు. అంటే 300 చుక్కల్లో 75 మాత్రమే దాటినట్టు. బస్సు నడక కావాలంటే తిప్పి లెక్కేస్తారు. అప్పుడు సగం సమయానికే 225 చుక్కలు దాటేసి, మిగతా 75ని నింపాదిగా దాటుతుంది. ఇలాంటి సూత్రాలెన్నింటినో రాబర్ట్‌ పెన్నర్‌ అనే ప్రోగ్రామరు 2000ల మొదట్లో ఒకచోట చేర్చి అందరికీ అందుబాటులోకి తెచ్చాడు. అంతకుముందే, 1981లో, డిస్నీ సంస్థ చిత్రకారులు ఫ్రాంక్‌ థామస్‌, ఓలీ జాన్‌స్టన్‌ తమ పుస్తకంలో బొమ్మలకి ప్రాణం పోయడానికి పన్నెండు సూత్రాలు చెప్పారు. 'మెల్లగా మొదలై మెల్లగా ఆగాలి' అన్నది అందులో ఒకటి.

కేతిగాడికి తెలిసిన విద్యే

కార్టూన్‌ సినిమాల్లో పాత పద్ధతి వేరు. ప్రతి కదలికకీ కొత్త బొమ్మ గీయాలి. ఫోన్‌ పద్ధతి అది కాదు. బొమ్మ ఒక్కటే. మారేవి దాని గుణాలు. ఇది మన తోలుబొమ్మలాట దారి!

తోలుబొమ్మలో చేతులు, కాళ్లు, తల విడివిడి ముక్కలు. కీళ్ల దగ్గర దారంతో కలిపి ఉంటాయి. ఆడించేవాడు పుల్లని తిప్పితే చెయ్యి మోచేతి దగ్గర తిరుగుతుంది. ఫోన్‌ భాషలో అది తిరుగుడు కోణం. మోచెయ్యి ఆ తిరుగుడుకి ఇరుసు. పుల్లని పక్కకి జరిపితే బొమ్మ స్థానం మారుతుంది. బొమ్మని తెర నుంచి దీపం వైపు లాగితే నీడ పెద్దదై, అంచులు పలచబడతాయి. అంటే సైజూ, స్పష్టతా ఒకేసారి మారాయన్నమాట. కేతిగాడు గంతేసినా, బంగారక్క మూతి తిప్పినా అంతా ఈ నాలుగైదు గుణాల ఆటే. 2008లో ఆంధ్రప్రదేశ్‌ తోలుబొమ్మల కళకి భౌగోళిక గుర్తింపు దక్కింది. అనంతపురం సీమలోని నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వేళ్లలో ఉన్న విద్యకీ, యాప్‌ రాసే ఇంజినీరు అంకెలకీ సూత్రం ఒక్కటే.

మాయల ఫకీరు బొత్తాం

ఆండ్రాయిడ్‌ ఫోన్లు 2008లో వచ్చిన కొత్తలో ఓ చిత్రమైన చిక్కుండేది. అప్పటి యానిమేషన్‌ పద్ధతిలో బొత్తాం ఎడమ నుంచి కుడికి జరిగినట్టు కనిపించేది. కానీ జరిగింది దాని బొమ్మే. అసలు బొత్తాం పాతచోటే ఉండేది. కుడివైపు కనిపిస్తోంది కదా అని అక్కడ నొక్కితే ఏమీ కాదు. ఎడమవైపు ఖాళీలో నొక్కితే పనిచేస్తుంది! బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ఒకచోట, అతగాడి ప్రాణం ఉన్న చిలక ఇంకోచోట ఉన్నట్టు.

2011 ఫిబ్రవరిలో వచ్చిన ఆండ్రాయిడ్‌ 3.0తో ఈ చిక్కు తీరింది. గూగుల్‌ ఇంజినీరు చెట్‌ హాస్‌ రాసిన 'ప్రాపర్టీ యానిమేషన్‌' బొమ్మని కాకుండా వస్తువు గుణాన్నే మార్చడం మొదలుపెట్టింది. ఏ వస్తువు, ఏ గుణం, ఎంత నుంచి ఎంత వరకు అని చెబితే చాలు. బొత్తాం ఎక్కడ కనిపిస్తే నిజంగా అక్కడే ఉంటుంది. ఆపిల్‌ సంస్థ 'కోర్‌ యానిమేషన్‌'ని మ్యాక్‌ కంప్యూటర్లలో 2007లోనే తెచ్చింది. ఐఫోన్‌ యాప్‌లలో కదలికలకీ అదే పునాది అయింది. 2018లో ఫ్లట్టర్‌, 2021లో జెట్‌ప్యాక్‌ కంపోజ్‌ స్థిరమైన రూపంలో వచ్చాక పని ఇంకా తేలికైంది.

పని తేలికైంది కానీ బాధ్యత తగ్గలేదు. పాత ఫోన్లో బొమ్మ చోటు గురించి అబద్ధమాడితే, ఇప్పుడు పని గురించి అబద్ధమాడే ప్రమాదం ఉంది. సర్వరు నుంచి జవాబు రాకముందే పచ్చటి టిక్కు విచ్చుకుందనుకోండి. డబ్బు చేరిందనుకుని కూరగాయలమ్మే అమ్మ సంచి ఇచ్చేస్తుంది. ఎప్పుడో తెగిపోయిన పనికి చక్రం తిరుగుతూనే ఉంటే, రైతు 'వస్తుందేమో'నని చూస్తూ కూర్చుంటాడు. టిక్కు పని పూర్తయ్యాకే రావాలి. పని ఆగిపోతే చక్రమూ ఆగి, కారణం తెలుగులో కనిపించాలి.

ఎక్కువైతే కళ్లు తిరుగుతాయి

కదలిక ఉప్పులాంటిది. తగినంతే వేయాలి. 2013లో ఐఓఎస్‌ 7 వచ్చినప్పుడు తెరలు ముందుకీ వెనక్కీ దూసుకొస్తుంటే కొందరికి తల తిరిగి వికారం పుట్టింది. లోపలి చెవి సమస్యలున్నవారికి మరీ ఇబ్బంది. ఆ తర్వాత ఆపిల్‌ ఆ కదలికల్ని తగ్గించుకునే వీలు పెంచింది. మెరుపులు ఇంకా ప్రమాదం. 1997 డిసెంబరులో జపాన్‌ టీవీలో పోకెమాన్‌ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మారిమారి మెరిసేసరికి దాదాపు 700 మంది, ఎక్కువగా పిల్లలు, ఆస్పత్రుల పాలయ్యారు. సెకనుకి మూడుసార్లకు మించి ఏదీ మెరవకూడదన్నది ఇప్పుడు వెబ్‌ పేజీలకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణాల్లో ఒక నియమం.

ఫోను ధర సంగతీ చూడాలి. సెకనుకి 60 చిత్రాలంటే ఒక్కోదానికి దొరికే సమయం సెకనులో అరవయ్యోవంతు. ఖరీదైన ఫోనుకి అది చాలా ఎక్కువ. నాలుగేళ్ల కిందటి చవక ఫోనుకి అదే గగనం. లెక్క తెమలకపోతే చిత్రం ఎగిరిపోయి, బొమ్మ కుంటుతుంది. అందుకే అనుభవజ్ఞులు పొడవు వెడల్పుల్ని మార్చడం కన్నా స్థానం, కోణం, పారదర్శకతల్ని మార్చడానికే మొగ్గుచూపుతారు. మొదటి దానికి తెర మీద మిగతావన్నీ సర్దాల్సి వస్తుంది. రెండోదాన్ని బొమ్మల చిప్‌ చిటికెలో చేసేస్తుంది.

మీ ఇంట్లో ఇలా చేసుకోవచ్చు

* పెద్దవాళ్లకి తెర చూస్తే తల తిరుగుతోందా? ఆండ్రాయిడ్‌ ఫోన్‌ సెట్టింగ్స్‌లో 'యాక్సెసిబిలిటీ'కి వెళ్లి 'రిమూవ్‌ యానిమేషన్స్‌' ఎంచుకోండి. ఐఫోన్‌లో అయితే యాక్సెసిబిలిటీలోనే 'మోషన్‌' కింద 'రెడ్యూస్‌ మోషన్‌' ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో మెనూ పేర్లు కంపెనీని బట్టి కాస్త మారొచ్చు.

* డబ్బు చేరిందో లేదో తేల్చుకోవడానికి ఎదుటివారి ఫోన్లో టిక్కుని నమ్మొద్దు. మీ ఫోన్‌కి వచ్చిన సందేశాన్నో, ఖాతానో చూసుకోండి.

* చక్రం ఆగకుండా తిరుగుతుంటే బొత్తాన్ని పదేపదే నొక్కకండి. యాప్‌ మూసి తెరిచి, పాత పని పూర్తయిందేమో ముందు చూడండి.

గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్‌ కాలేజీల నుంచి ఏటా వేలమంది పిల్లలు బయటికొస్తున్నారు. వాళ్లలో మిరప కల్లాల్లో, పత్తి చేలల్లో ఆడి పెరిగినవాళ్లకి కొదవలేదు. రేపు వాళ్లు రాసే యాప్‌కి అసలు పరీక్ష ఏసీ గదిలోని కొత్త ఫోన్‌ కాదు. మార్చి ఎండలో, గీతలు పడిన పాత తెర మీద, సిగ్నల్‌ అంతంతమాత్రంగా ఉన్నచోట, మిర్చి దుమ్ము అంటిన వేలు బొత్తాన్ని నొక్కినప్పుడు ఆ బొత్తాం ఏం చెబుతుంది? నిజం చెబితే చాలు!