నికెల్‌ను తిన్న వాయువు

వాయువు తగిలి లోహం పాడైతే దాన్ని నష్టం కింద రాసేసి ఊరుకుంటాం. నికెల్ విషయంలో ఆ లెక్క సరిపోదు. 1880లలో ఇంగ్లండ్‌లోని విన్నింగ్టన్ సోడా కర్మాగారంలో రసాయన శాస్త్రవేత్త లుడ్విగ్ మాండ్ అమ్మోనియం క్లోరైడ్ నుంచి క్లోరిన్ రాబట్టాలని చూశాడు. ఆ ఆవిర్లకు తట్టుకుంటాయని వాల్వులు నికెల్‌తో చేయించాడు. ప్రయోగశాలలో బాగానే పనిచేసిన వాల్వులు కర్మాగారంలో నల్లటి మసి పట్టి కారసాగాయి. మిగిలిన అమ్మోనియాను వెళ్లగొట్టడానికి ప్రయోగశాలలో స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్ వాడారు. కర్మాగారంలో మాత్రం బట్టీ నుంచి వచ్చిన వాయువులో కాస్త కార్బన్ మోనాక్సైడ్ కలిసి ఉంది. వేడి నికెల్ మీద అదే విడిపోయి మసిగా పేరుకుంది.

మాండ్ అక్కడితో ఆగలేదు. సహాయకుడు కార్ల్ లాంగర్‌తో కలిసి వేడి చేసిన మెత్తని నికెల్ పొడి మీదుగా కార్బన్ మోనాక్సైడ్‌ను పంపుతూ, గదిలోకి విషం రాకుండా గొట్టం చివర దాన్ని మండించేవాడు. పొడి చల్లబడుతూ వంద డిగ్రీల కిందికి దిగేసరికి నీలంగా ఉండాల్సిన మంట పసుపుగా వెలిగింది. గొట్టాన్ని వేడి చేస్తే లోపలి గాజుకు అద్దంలాంటి పొర పట్టింది. అది నికెలే. నాలుగు కార్బన్ మోనాక్సైడ్ అణువులు ఒక్కో నికెల్ పరమాణువును పట్టుకుని ఉపరితలం నుంచి లేపుకుపోతాయి. అలా పుట్టే నికెల్ కార్బొనైల్ 43 డిగ్రీలకే మరుగుతుంది. దాదాపు 200 డిగ్రీల దగ్గర విడిపోయి లోహాన్ని మళ్లీ వదిలేస్తుంది. అంటే వాయువు చేసేది కీడా మేలా అన్నది అది అంటుకోవడాన్ని బట్టి కాదు, వదలడాన్ని బట్టి తేలుతుంది. 1902లో వేల్స్‌లోని క్లైడాక్‌లో మొదలైన శుద్ధి కర్మాగారం ఈ సూత్రం మీదే నడిచింది. ముందు హైడ్రోజన్ వాయువు నికెల్ ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను లాగేసి తాజా లోహాన్ని బయటపెడుతుంది. తర్వాత కార్బన్ మోనాక్సైడ్ దాన్ని మోసుకెళ్లి వేడి నికెల్ గుళికల మీద పొరమీద పొరగా దింపుతుంది. ఖాళీ అయిన వాయువు మళ్లీ పనికి తిరిగొస్తుంది.

ఇదంతా అదృష్టమే కదా అనవచ్చు. వాల్వు పాడవడం అదృష్టమే కావచ్చు. మంట రంగు ఎందుకు మారిందని అడగడం అదృష్టం కాదు. అన్ని లోహాలూ ఇలా లేచిపోతే శుద్ధి ఎలా జరుగుతుందన్నది ఇంకా గట్టి ప్రశ్న. ఇనుము, కోబాల్ట్ ఇలా చక్కగా లేవాలంటే అధిక పీడనం కావాలి, రాగి అసలు కదలదు. మామూలు పీడనంలో నికెల్ ఇంత సులువుగా లేస్తుంది కాబట్టే మలినాలు వెనకబడిపోతాయి. విషం సంగతి మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. కార్బొనైల్ ఘోరమైన విషం, క్లైడాక్‌లో తొలి ఏళ్లలోనే కార్మికుల ప్రాణాలు తీసింది. ఈ పద్ధతిని మెచ్చుకునేవాళ్లు ఆ చావులను కూడా లెక్కలో రాయాలి.

కార్బన్ మోనాక్సైడ్ నికెల్‌ను పట్టగలిగితే ఇథిలీన్ ఎందుకు పట్టదని ఫ్రాన్స్‌లో రసాయన శాస్త్రవేత్త పాల్ సబాటియే ఆలోచించాడు. 1897లో సహచరుడు సెండెరెన్స్‌తో కలిసి ఇథిలీన్, హైడ్రోజన్‌లను నికెల్ మీదుగా పంపితే ఈథేన్ వచ్చింది. రెండు వాయువులూ ఉపరితలం మీద కాసేపు ఆగి, కలిసిపోయి, వెళ్లిపోయాయి. ఆ పనికి 1912లో సబాటియేకు నోబెల్ వచ్చింది. అదే నికెల్‌కు హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే గంధకం అంటుకుని వదలదు, నికెల్ ఉత్ప్రేరకంగా పనిచేయడం మానేస్తుంది. మన వంటిళ్లలో డాల్డా అని పిలిచిన వనస్పతి కూడా గంధకం సోకని నికెల్ పొడి మీద హైడ్రోజన్ పట్టించిన నూనే.