ల్యాబ్ రిపోర్టు వచ్చేసిందంటే కేసు అయిపోయినట్టేనా?

పోయిన ఎపిసోడ్‌లో చార్జిషీటు అంటే ఏమిటి, అందులో ఏ కాగితాలు ఉంటాయి అనేది చెప్పుకున్నాం. అది చూసినవాళ్లు చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "సార్, డీఎన్‌ఏ కలిసిందని రిపోర్టు వచ్చింది. ఇంక డిఫెన్స్ లాయరు చేసేదేముంటుంది?" అని. ఈ రోజు దానికే జవాబు చెప్తాను.

ముందు నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఇందులో తప్పు నాదే. కొన్నేళ్ల కింద ఒకావిడ నా ఆఫీసుకి వచ్చింది. దోపిడీ కేసులో కొడుకుని అరెస్ట్ చేశారు. "ఆ టైముకి మావాడు పెట్రోల్ బంకులో ఉన్నాడు సార్, అక్కడ కెమెరాలు కూడా ఉన్నాయి" అని చెప్పింది. నేను ఫైల్లో రాసుకున్నాను. కానీ నా ధ్యాసంతా బెయిల్ మీదే. బెయిల్ వచ్చింది, ఇంట్లోవాళ్లు సంతోషించారు, నేనూ సంతోషించాను. ఇరవై ఆరో రోజున మా జూనియర్‌ని బంకుకి పంపించాను. బంకు ఆయన మంచివాడు, రికార్డర్ తెరిచి చూపించాడు. అందులో పదిహేను రోజుల రికార్డింగ్ మాత్రమే ఉంటుందట. పాతదాని మీద కొత్తది ఎక్కేసింది. చివరికి ఆ కుర్రాడు నిర్దోషిగానే బయటపడ్డాడు. కానీ ముప్పై సెకన్ల వీడియోతో తేలాల్సిన విషయానికి మూడేళ్లు వాయిదాలు తిరిగాడు. ఉద్యోగం పోయింది. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఇంకా గుచ్చుకుంటుంది.

ఆ కేసు తర్వాత నాకు అర్థమైంది ఇదే. సైన్స్ సాక్ష్యం ఎటు మాట్లాడినా రెండు ప్రశ్నలు అడగాలి. అది ఏ దారిలో వచ్చింది? దాన్ని మనం ఎప్పుడు అడిగాం? మిగతాదంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

డీఎన్‌ఏ కలిసింది అంటే ఏం కలిసినట్టు?

డీఎన్‌ఏ రిపోర్టు చెప్పేది ఒక్కటే. ఈ నమూనాలో ఉన్న ప్రొఫైల్, ఈ మనిషి ప్రొఫైల్ సరిపోయాయి అని. ఆ నమూనా అక్కడికి ఎలా వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఎవరు తెచ్చారు అనేది రిపోర్టు చెప్పదు. చెప్పలేదు కూడా.

జర్మనీలో జరిగింది వినండి. 2007లో హైల్‌బ్రాన్ అనే ఊళ్లో ఒక మహిళా పోలీసును చంపేశారు. అక్కడ ఒక గుర్తు తెలియని స్త్రీ డీఎన్‌ఏ దొరికింది. అదే డీఎన్‌ఏ జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్ దేశాల్లో దాదాపు నలభై నేరస్థలాల్లో కనబడింది. హత్యలు, దొంగతనాలు, ఒకదానికొకటి పొంతన లేని నేరాలు. ఆ స్త్రీ కోసం ఏళ్ల తరబడి వెతికారు. 2009లో తేలింది ఏమిటంటే, అసలు అలాంటి నేరస్తురాలే లేదు. నమూనాలు తీయడానికి వాడే దూది పుల్లలు ఉన్నాయి చూడండి, వాటి తయారీ దగ్గర పనిచేసే ఒకావిడ డీఎన్‌ఏ అది. ఆ పుల్లలను క్రిములు లేకుండా శుద్ధి చేశారు. కానీ క్రిములు లేకపోవడం వేరు, డీఎన్‌ఏ లేకపోవడం వేరు. ల్యాబ్ తన పని సరిగ్గానే చేసింది. దాని చేతికి వచ్చిన పుల్లే సరైంది కాదు.

ఇంకోటి అమెరికాలో, కాలిఫోర్నియాలో. 2012 చివర్లో ఒక వ్యాపారిని ఇంట్లో చంపారు. ఆయన గోళ్ల కింద ఒక మనిషి డీఎన్‌ఏ దొరికింది. హత్య కేసు పెట్టి జైల్లో వేశారు. ఆ మనిషికి ఆ రాత్రి ఏం జరిగిందో గుర్తులేదు, తాగి ఉన్నాడు. ప్రభుత్వం తరఫున ఇచ్చిన డిఫెన్స్ లాయర్ పాత ఆస్పత్రి కాగితాలు తెప్పించి చూస్తే, హత్య జరిగిన టైముకి ఆయన మత్తులో ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. మరి డీఎన్‌ఏ ఎలా వచ్చింది? ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లిన అంబులెన్స్ సిబ్బందే, కొన్ని గంటల తర్వాత ఆ హత్య జరిగిన ఇంటికీ వెళ్లారు. వాళ్ల ద్వారానే, బహుశా వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ మీద నుంచే, అది అక్కడికి చేరింది. ఐదు నెలలకు పైగా జైల్లో ఉన్నాడు. ఆయన్ని బయటకు తెచ్చింది గొప్ప టెక్నాలజీ కాదు, ఆస్పత్రి రికార్డు.

మన దేశంలో కోర్టులు ఏమన్నాయి?

2012లో ఢిల్లీలో పంతొమ్మిదేళ్ల అమ్మాయిని ఎత్తుకుపోయి, అత్యాచారం చేసి చంపిన కేసు. ముగ్గురికి ఉరిశిక్ష పడింది, హైకోర్టు కూడా ఖాయం చేసింది. 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు ముగ్గురినీ విడుదల చేసింది. కారణాల్లో ఒకటి ఈ దారి సంగతే. నమూనాలు తీసింది ఫిబ్రవరి 14న, 16న. ల్యాబ్‌కి పంపింది 27న. ఆ మధ్య రోజుల్లో అవి పోలీస్ స్టేషన్ మాల్ఖానాలో ఉన్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదని నమ్మడం ఎలా అని కోర్టు అడిగింది. డీఎన్‌ఏ రిపోర్టు దేని ఆధారంగా ఆ మాట చెప్పిందో, పద్ధతులు సరిగ్గా వాడారో లేదో కింది కోర్టులు చూడలేదని కూడా చెప్పింది.

ఆ తీర్పు వచ్చినప్పుడు చాలామందికి కోపం వచ్చింది. ఆ కోపంలో న్యాయం ఉంది. ఆ అమ్మాయి తల్లిదండ్రులకు పదేళ్ల తర్వాత జవాబు లేకుండా పోయింది. కానీ ఒక్కటి ఆలోచించండి. నమూనాని నిర్లక్ష్యంగా ఉంచితే నష్టపోయేది ముద్దాయి ఒక్కడే కాదు. బాధితుల కుటుంబం కూడా నష్టపోతుంది. డిఫెన్స్ వాళ్లు దారి గురించి అడగడం నేరస్తుడిని కాపాడటానికి అనుకుంటారు. కాదు. ఆ ప్రశ్న అడుగుతారని తెలిస్తేనే సీలు సరిగ్గా పడుతుంది.

2025 జులైలో తమిళనాడు నుంచి వచ్చిన మరో ఉరిశిక్ష కేసులో సుప్రీంకోర్టు ముద్దాయిని విడుదల చేస్తూ దేశమంతటికీ నిబంధనలే పెట్టింది. డీఎన్‌ఏ నమూనా తీశాక 48 గంటల్లో ల్యాబ్‌కి చేరాలి. ఆలస్యమైతే కారణం రాయాలి. కోర్టు అనుమతి లేకుండా ఆ ప్యాకెట్ మళ్లీ విప్పకూడదు. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ఒక రిజిస్టర్ ఉండాలి. ఆ రిజిస్టర్ కోర్టు రికార్డులో భాగం కావాలి.

కాబట్టి మీ కేసులో డీఎన్‌ఏ ఉంటే ముందు రిపోర్టు చివరి పేజీ కాదు చూడాల్సింది. తేదీలు చూడండి. పంచనామాలో మధ్యవర్తుల సంతకాల దగ్గర ఏ తేదీ ఉంది? కోర్టు ద్వారా వెళ్లిన లెటర్ ఆఫ్ అడ్వైస్ ఏ రోజుది? ఎఫ్‌ఎస్‌ఎల్ వాళ్లు తీసుకున్నది ఎప్పుడు? తీసుకున్నప్పుడు సీలు ఎలా ఉందని రాశారు? పంపిన సీలు గుర్తూ, అందుకున్న సీలు గుర్తూ ఒకటేనా? నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే, క్రాస్‌లో ఏం అడగాలో సగం అక్కడే తెలిసిపోతుంది.

ఇంకో మాట. ప్రభుత్వ ల్యాబ్ నిపుణుడి రిపోర్టును, ఆయన్ని బోనెక్కించకుండానే కోర్టు సాక్ష్యంగా తీసుకోవచ్చు. పాత సీఆర్‌పీసీలో 293, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో 329 సెక్షన్. కానీ అదే సెక్షన్ కింద కోర్టు ఆయన్ని పిలిపించనూవచ్చు. అంటే అడగాల్సిన బాధ్యత మనది. "రిపోర్టు మార్క్ చేయడానికి అభ్యంతరం లేదు" అని అలవాటుగా చెప్పేసి, తర్వాత అప్పీల్లో బాధపడే కేసులు నేను చూశాను.

పది లక్షల్లో ఒకరు అనే లెక్క

కొన్ని రిపోర్టుల్లో "ఇలాంటి ప్రొఫైల్ పది లక్షల మందిలో ఒకరికి ఉండవచ్చు" అన్నట్టు రాస్తారు. వినగానే ఏమనిపిస్తుంది? ఇతను నిర్దోషి అయ్యే అవకాశం పది లక్షల్లో ఒక వంతే అనిపిస్తుంది. అది తప్పు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా దాదాపు 8.46 కోట్లు. పది లక్షలకి ఒకరు చొప్పున సుమారు 84 మంది అవుతారు. అందులో ఇతను ఒకడు. ఇతనే అని చెప్పడానికి వేరే సాక్ష్యం కావాలి. పూర్తి ప్రొఫైల్ వస్తే సంఖ్య ఇంకా చాలా పెద్దది ఉంటుంది, వాదన బలంగానే ఉంటుంది, నేను కాదనను. నమూనా పాడైనప్పుడు, ఇద్దరు ముగ్గురివి కలిసిపోయినప్పుడు మాత్రం సంఖ్య తగ్గిపోతుంది. అందుకే సంఖ్య ఎంత, ఎన్ని గుర్తుల మీద లెక్కకట్టారు అని అడగాలి.

సీసీటీవీ, ఫోన్లు, పెన్‌డ్రైవ్‌లు

ఇప్పుడు కేసుల్లో ఎక్కువగా వస్తున్నది ఇదే. 2014లోనూ, మళ్లీ 2020లోనూ సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అసలు పరికరాన్నే కోర్టుకి తేకుండా కాపీ ఇస్తే, దానికి సర్టిఫికెట్ తప్పనిసరి. మనం 65బి సర్టిఫికెట్ అనేవాళ్లం. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. అందులో అది 63వ సెక్షన్. సర్టిఫికెట్ ఇప్పుడు రెండు భాగాలు. ఒకటి పరికరం ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లు ఇవ్వాలి, రెండోది నిపుణుడు ఇవ్వాలి. రెండింట్లోనూ హ్యాష్ విలువ రాయాలి.

హ్యాష్ అంటే భయపడకండి. ఒక ఫైలుకి తీసిన వేలిముద్ర అనుకోండి. వీడియోలో ఒక్క ఫ్రేము మార్చినా, ఒక్క సెకను కత్తిరించినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. స్వాధీనం చేసుకున్న రోజు సంఖ్య, ల్యాబ్‌లో సంఖ్య, మనకిచ్చిన కాపీ సంఖ్య ఒకటే ఉండాలి. స్వాధీనం చేసుకున్న రోజున ఆ సంఖ్య అసలు రాయకపోతే? అప్పుడు పోల్చడానికి ఏమీ లేదు. అది మీ మొదటి ప్రశ్న.

రెండో ప్రశ్న గడియారం. షాపుల్లో రికార్డర్ టైము పది నిమిషాలు, ఒక్కోసారి గంట కూడా తేడా ఉంటుంది. స్క్రీన్ మీద 9:10 అని ఉంటే అది నిజంగా 9:10 అవునా అని ఆ రోజే సరిచూసి రాశారా? ఆ తేడా మనిషి జీవితాన్ని మార్చేస్తుంది.

ఫోన్ టవర్ రికార్డు కూడా అంతే. అది ఫోన్ ఏ టవర్ పరిధిలో ఉందో చెప్తుంది. పల్లెల్లో ఆ పరిధి కొన్ని కిలోమీటర్లు ఉండొచ్చు. ఫలానా ఇంటి ముందు ఉన్నాడని అది చెప్పదు. ఫోన్ ఎవరి చేతిలో ఉందో అసలే చెప్పదు.

మరి కాపీ మనకిస్తారా? 2019లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మెమరీ కార్డులో ఉన్నది కూడా పత్రమే, ముద్దాయికి కాపీ పొందే హక్కుంది. బాధితురాలి గోప్యత ఉన్న చోట కాపీ ఇవ్వకుండా, ముద్దాయి, ఆయన లాయరు, వాళ్ల నిపుణుడు చూసుకునే ఏర్పాటు చేయొచ్చు అని. నిపుణుడు అనే మాట గుర్తుపెట్టుకోండి. మన తరఫున కూడా తెలిసిన మనిషిని పెట్టుకోవచ్చు.

ఇక ముఖాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్. తెలంగాణ పోలీసులు కూడా వాడుతున్నారు. దాని మీద హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం పడితే 2022 జనవరిలో నోటీసులు వెళ్లాయి. అమెరికాలో డెట్రాయిట్‌లో 2020లో ఒకాయన్ని భార్యాపిల్లల ముందే అరెస్ట్ చేశారు, కంప్యూటర్ ఫొటో కలిపిందని. ఆయన కాదు. ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చేది పోలికల జాబితా మాత్రమే. దాన్ని దర్యాప్తుకి మొదటి అడుగుగా తీసుకోవచ్చు, చివరి అడుగుగా కాదు.

మొదటి వారంలో ఏం చేయాలి?

మీ ఇంట్లోవాళ్ల మీద కేసు పడితే, ఈ నాలుగూ రాసి పెట్టుకోండి.

ఒకటి. ఆ రోజు ఎక్కడెక్కడ తిరిగారో, ఏ కెమెరా ముందు నుంచి వెళ్లారో అదే రోజు కాగితం మీద రాసి లాయరుకివ్వండి. షాపుల వాళ్ల దగ్గరికి మీరు నేరుగా పోవద్దు, సాక్షుల్ని బెదిరించారని మాట వస్తుంది. లాయరు ద్వారా లిఖితపూర్వకంగా, రికార్డింగ్ చెరిపేయకుండా ఉంచమని అడగాలి.

రెండు. రికార్డులు తెప్పించే అధికారం కోర్టుకుంది. పాత 91, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 94 సెక్షన్. ఏ దశలో వేస్తే నిలబడుతుందో మీ లాయరు చూస్తారు. కానీ చెరిగిపోయే ప్రమాదం ఉందని పిటిషన్‌లో గట్టిగా రాయించండి. కాల్ రికార్డుల వివరాలు కనీసం రెండేళ్లు ఉంచాలని 2021 చివర్లో టెలికాం కంపెనీలకు నిబంధన పెట్టారు. కెమెరాలకు అలాంటి భరోసా లేదు.

మూడు. మీ ఫోన్ రీసెట్ చేయకండి, ఏదీ తీసేయకండి. వీడియో ఉంటే వాట్సాప్‌లో పంపించి అదే సాక్ష్యం అనుకోకండి. వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, అసలు ఫైలు వివరాలు పోతాయి. తీసిన ఫోన్ అలాగే దాచండి.

నాలుగు. సోదా చేసేటప్పుడు, వస్తువులు స్వాధీనం చేసుకునేటప్పుడు వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 105 చెప్తోంది. ఆ వీడియో కూడా అడగండి. సీలు వేస్తున్నది అందులో కనబడాలి.

డబ్బు లేదంటారా? జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఉచితంగా లాయర్ని ఇస్తారు. వాళ్లకీ ఈ నాలుగు మాటలే చెప్పండి.

సైన్స్ అబద్ధం చెప్పదంటారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ సైన్స్ దగ్గరికి వస్తువుని మోసుకెళ్లేది మనుషులే. సంచి మోసినవాణ్ణి, సీలు వేసినవాణ్ణి, తేదీ రాసినవాణ్ణి అడగడమే మా పని. ఇప్పుడు మా ఆఫీసులో కొత్త ఫైలు తెరిస్తే మొదటి పేజీలో బెయిల్ కంటే పైన ఒక గడి గీయించాను. "కెమెరాలు ఎక్కడ, ఎన్ని రోజుల రికార్డింగ్?" అని. ఆ గడి నిండకుండా జూనియర్లు ఇంటికి వెళ్లరు.

వచ్చే ఎపిసోడ్‌లో నార్కో పరీక్ష గురించి, మన ఒప్పుకోలు లేకుండా అది ఎందుకు చేయకూడదో మాట్లాడుకుందాం.