డాల్ఫిన్ల వేట: వల ఒకచోట, టికెట్ మరోచోట

జపాన్‌లోని తైజీ అనే చిన్న ఊరి పేరు లోకానికంతా తెలిసింది అక్కడి డాల్ఫిన్ల వేట మీద 2009లో వచ్చిన ‘ద కోవ్’ డాక్యుమెంటరీతో. మరుసటి ఏడాది దానికి ఆస్కార్ వచ్చింది. డాల్ఫిన్ల వేట గురించి మాట్లాడేవాళ్లు పెరిగారు, అపోహలూ పెరిగాయి. వేటను వెనకేసుకొచ్చేవాళ్లకి కొన్ని, వద్దనేవాళ్లకి కొన్ని.

అపోహ: తైజీ వేట నాలుగు వందల ఏళ్ల సంప్రదాయం.

వాస్తవం: నాలుగు వందల ఏళ్ల చరిత్ర పెద్ద తిమింగలాల వేటది. డాల్ఫిన్ గుంపుల్ని ఒడ్డుకు తరమడం అంతకు ముందు అడపాదడపా జరిగినా, ఏటా సాగే వృత్తిగా మారింది 1969 నుంచే. ఆ ఏడాదే ఊళ్లో తిమింగలాల మ్యూజియం తెరిచారు. చూపించడానికి బతికున్న పైలట్ తిమింగలాలు (ఇవీ డాల్ఫిన్ల కుటుంబానివే) కావలసి వచ్చాయి. మోటారు పడవల్ని వరసగా నిలబెట్టి, నీళ్లలోకి దించిన ఇనుప గొట్టాల మీద సుత్తులతో బాదుతారు. శబ్దంతోనే దారి వెతుక్కునే జంతువులు ఆ మోతకు బెదిరి, మోత లేని వైపు పరుగెడతాయి. అటు ఉన్నది ఇరుకైన అఖాతం. వెనక వల వేసి మూసేస్తారు. మోటారు పడవల మీద నడిచే పనికి శతాబ్దాల వయసు అంటగట్టడం ఏం న్యాయం?

అపోహ: ఇదంతా మాంసం కోసం. ఆక్వేరియంలకు సంబంధం లేదు.

వాస్తవం: అసలు కిటుకు ఇక్కడే ఉంది. వలలో పడ్డవాటిలోంచి ముందుగా ట్రైనర్లు ప్రదర్శనకు పనికొచ్చేవాటిని ఏరుకుంటారు. మిగిలినవాటిలో కొన్నిటిని చంపుతారు, కొన్నిటిని వదిలేస్తారు. శిక్షణ పొందిన డాల్ఫిన్ ధర మాంసం ధరకు ఎన్నో రెట్లు. జపాన్‌లోనే చాలామంది ఆ మాంసం ముట్టరు. పైగా అందులో పాదరసం. పాదరసం విషంతో వచ్చే మినమాటా వ్యాధిపై పరిశోధించే అక్కడి జాతీయ సంస్థ తైజీ వాసుల వెంట్రుకలు పరీక్షించి, మిగతా ఊళ్లతో పోలిస్తే పాదరసం దాదాపు నాలుగు రెట్లుందని 2010లో చెప్పింది. జబ్బు లక్షణాలు మాత్రం కనబడలేదంది. ఈ రెండో మాటను ఉద్యమకారులు తరచూ మింగేస్తారు. మింగకూడదు.

సభ్యులు తైజీ డాల్ఫిన్లను కొంటున్నారని 2015లో ప్రపంచ జూల సంఘం జపాన్ జూల సంఘాన్ని సస్పెండ్ చేసింది. దాంతో తైజీలో తరిమి పట్టిన డాల్ఫిన్లను ఇక కొనబోమని జపాన్ సంఘం ఓటేసి తీర్మానించింది. తైజీ మ్యూజియం మాత్రం సంఘంలోంచే తప్పుకుంది. వేటగాడిని తిడితే కదలనిది, కొనేవాణ్ని నిలదీస్తే కొంతైనా కదిలింది.

అపోహ: అంతర్జాతీయ చట్టం ప్రకారం ఇది నేరం.

వాస్తవం: కాదు. 1986 నుంచి అమల్లో ఉన్న వాణిజ్య వేట నిషేధం పెద్ద తిమింగలాలకే. తైజీ వేటకు ఆ ఊరున్న వకయామా ప్రిఫెక్చర్ ప్రభుత్వమే కోటా ఇచ్చి మరీ అనుమతిస్తుంది. చట్టవిరుద్ధమని అరిస్తే వాళ్లు పర్మిట్ చూపిస్తారు.

అపోహ: పాపమంతా జపాన్‌దే.

వాస్తవం: ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో 2021 సెప్టెంబరు 12న ఒక్కరోజే 1,428 డాల్ఫిన్లను చంపారు. మనవాళ్లు టూర్లలో వెళ్లే సింగపూర్ సెంటోసాలోని ఓ రిసార్టుకు తెచ్చిన డాల్ఫిన్లు సోలమన్ దీవుల దగ్గర సముద్రంలో పట్టినవి.

అపోహ: డాల్ఫిన్ నవ్వుతుంటుంది, అంటే సంతోషంగా ఉన్నట్టే.

వాస్తవం: అది దవడ ఆకారం. చచ్చిపడ్డా అలాగే ఉంటుంది.

అపోహ: డాల్ఫిన్లను ‘మనుషులు కాని వ్యక్తులు’గా భారత ప్రభుత్వం గుర్తించింది.

వాస్తవం: ఫార్వర్డుల్లో బాగా తిరిగిన వార్త ఇది. 2013 మేలో కేంద్ర జూ అథారిటీ డాల్ఫినేరియాలకు (డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు) అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. కొందరు శాస్త్రవేత్తలు డాల్ఫిన్లను అలా చూడాలంటున్నారని అందులో ఒక ప్రస్తావన ఉంది, అంతే. చట్టంలో హోదా ఏమీ రాలేదు. డాల్ఫినేరియాల మీద నిషేధం మాత్రం నిజం. 1990ల చివర్లో బల్గేరియా నుంచి చెన్నై దగ్గరి పార్కుకు తెచ్చిన డాల్ఫిన్లు నెలల్లోనే చనిపోయాయి.

అపోహ: గేటు తీస్తే చాలు, వాటి దారి అవే చూసుకుంటాయి.

వాస్తవం: ‘ఫ్రీ విల్లీ’ సినిమాలో నటించిన కేకోను (ఓర్కా, డాల్ఫిన్లలో అతి పెద్దది) 2002లో వదిలితే మనుషుల్నే వెతుక్కుంటూ వెళ్లింది. మరుసటి ఏడాది నార్వేలో చనిపోయింది. చిన్నప్పుడే పట్టుబడి ఇరవై ఏళ్లకు పైగా మనుషుల మధ్య పెరిగిన జీవి అది. అలాగని బందీలు మళ్లీ సముద్రంలో బతకవనడమూ తప్పే. దక్షిణ కొరియాలో 2009లో జెజు దీవి తీరాన అక్రమంగా పట్టిన జెదోల్ అనే డాల్ఫిన్‌ను సియోల్ జూలో ఆడించారు. దాన్ని వదిలేయాలన్న ఉద్యమం ఫలించాక, సముద్రంలో కట్టిన వల గూట్లో బతికున్న చేపల్ని పట్టడం మళ్లీ అలవాటు చేసి 2013లో వదిలారు. జెజు గుంపులో కలిసిపోయింది. అదే గూట్లో ఉన్న సంపల్ అనే మరో డాల్ఫిన్ అయితే విడుదల తేదీ దాకా ఆగనే లేదు. వల చిరిగిన చోట జారుకుంది. 2016లో పిల్లతో కనిపించింది.