గడప దాకా రాని చట్టం

పార్లమెంటు ముందుకు వచ్చే బిల్లులన్నింటికీ పత్రికలలో ఒకే పాటి స్థానం లభించదు. మానసిక ఆరోగ్య సంరక్షణ బిల్లు 2013లో రాజ్యసభలో ప్రవేశించి, స్థాయీ సంఘం పరిశీలన ముగించుకొని, 2016 ఆగస్టు 8న ఆ సభ ఆమోదాన్నీ, 2017 మార్చి 27న లోక్‌సభ ఆమోదాన్నీ పొందింది. ఆత్మహత్యకు యత్నించి బతికి బయటపడినవారిని నేరస్థులుగా చూడరాదన్న నిబంధన ప్రధానంగా శీర్షికలకెక్కింది. అది ఎక్కవలసిందే. అయితే అదే చట్టంలో చర్చకు అంతగా నోచుకోని సెక్షన్లు మూడు ఉన్నాయి. పాఠకులు వాటిని గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

18వ సెక్షను ప్రభుత్వం నడిపే, లేదా ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక చికిత్సను పొందే హక్కును అందరికీ ఇచ్చింది. ఇంటివద్ద జరిగే పునరావాస సేవనూ, రోగి కుటుంబానికి అందవలసిన ఆసరానూ ఆ హక్కులో భాగం చేసింది. 22వ సెక్షను రోగికీ, అతని తరఫున నిలిచే ప్రతినిధికీ వారికి అర్థమయ్యే భాషలో సంగతులు తెలియజేయాలంటున్నది. 31వ సెక్షను చట్టం అమలులోకి వచ్చిన పదేళ్లలోగా అంతర్జాతీయ ప్రమాణాలకు తగిన సంఖ్యలో మానసిక ఆరోగ్య నిపుణులను సమకూర్చుకొనేందుకు ప్రభుత్వాలు కృషి చేయాలని ఆదేశించింది. రాష్ట్ర ప్రాధికార సంస్థలో నమోదయిన మానసిక చికిత్సా నర్సులకు కూడ ఆ నిపుణులలో స్థానమున్నది. చట్టం అమలులోకి వచ్చింది 2018లో. అంటే గడువు 2028తో తీరుతుంది.

చట్టసభలో కూర్చుని చట్టాన్ని అంచనా కట్టడం కష్టం. అది చేరవలసిన గడపవద్దకు వెళ్లి చూడవలసి ఉంటుంది. హజ్రత్ నిజాముద్దీన్‌లో బయలుదేరి విశాఖపట్నం చేరే సమతా ఎక్స్‌ప్రెస్ దుర్గ్ మీదుగా పోతుంది. ఇటీవల విశాఖ ప్రయాణంలో నేను అక్కడ దిగి, పక్కనే ఉన్న భిలాయి ఉక్కు నగరంలోని క్యాంప్-2కు వెళ్లాను.

ఉక్కు నగరానికి ఆవలి వైపు

భిలాయి కర్మాగారానికి 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. కర్మాగారాన్ని కట్టిన కూలీలు తలదాచుకున్న శిబిరాలకు క్యాంప్-1, క్యాంప్-2 అన్న పేర్లు స్థిరపడిపోయాయి. సెక్టార్లలోని విశాలమైన వీధులు, చెట్ల నీడలు ఒక వైపు; రైలు కట్టకు ఆవల పవర్‌హౌస్ స్టేషను, సర్క్యులర్ మార్కెట్, ఇరుకు సందులు మరొక వైపు. ఆ కూలీలలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలనుంచి వెళ్లిన తెలుగువారు చాలామంది. వారి మనుమలు నేడు బడిలో హిందీ చదువుతూ, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు.

అటువంటి ఒక ఇంటిలో ఒక గంటసేపు కూర్చున్నాను. ఇంటి పెద్ద ఒక వృద్ధురాలు. ఆమె కొడుక్కి ముప్పై అయిదేళ్లుంటాయి. ఒకప్పుడు కంట్రాక్టరు కింద పనిచేసేవాడు. ఎనిమిదేళ్లుగా మనోవ్యాధితో బాధపడుతున్నాడు. ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తాయంటాడు. మందులు వేసుకొంటే నెమ్మదిస్తాడు, నెమ్మదించగానే మందులు మానేస్తాడు. మళ్లీ మొదటికి వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ మానసిక చికిత్సాలయం బిలాస్‌పూర్ సమీపాన సేంద్రీలో ఉన్నది. ఇక్కడికి సుమారు 140 కిలోమీటర్లు. దగ్గరలో మందులు దొరుకుతున్నా, వేసుకొంటున్నాడా లేదా అని చూసేందుకు ఇంటికి వచ్చేవారు లేరు.

“జొరమొస్తే పదిమందికీ సెప్తాం బాబూ. ఇది ఎవులికి సెప్తాం?” అన్నదామె.

ఆమెకు హిందీ రాదనుకోరాదు. కూరగాయల బేరమాడే హిందీ, రేషను దుకాణంలో మాట్లాడే హిందీ ఆమెకు బాగానే వచ్చు. కొడుకు బెంగ పెట్టుకొన్నాడనీ, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడనీ, తన గుండె దడదడలాడుతున్నదనీ చెప్పే హిందీ మాత్రం రాదు. వైద్యుని ముందు పన్నెండేళ్ల మనుమరాలు దుబాసీగా నిలుస్తున్నది. పినతండ్రి వ్యాధి లక్షణాలను ఆ పసిపిల్ల నోట చెప్పించవలసి రావడం ఎంత శోచనీయం! 22వ సెక్షనులోని “అర్థమయ్యే భాష” అన్న మాటకు అర్థమేమిటో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది.

ఒక నర్సు, ఇరవై ఏడు ఇళ్లు

ఈ వృద్ధురాలి కష్టాలను కొలిచే సాధనం మన దేశంలో నలభై ఏళ్లకు పూర్వమే తయారయింది. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో శైలా పాయ్, ఆర్.ఎల్. కపూర్ అనే పరిశోధకులు మానసిక రోగి వల్ల కుటుంబంపై పడే భారాన్ని అంచనా వేసేందుకు ఒక ప్రశ్నావళిని రూపొందించి 1981లో ప్రకటించారు. దానిలో ఆరు పద్దులున్నాయి: డబ్బు, ఇంటి దినచర్య, తీరిక, కుటుంబసభ్యుల పరస్పర సంబంధాలు, వారి దేహారోగ్యం, వారి మానసిక ఆరోగ్యం. క్యాంప్-2లోని ఆ తల్లి నాతో చెప్పుకొన్నవన్నీ ఈ ఆరింటిలో ఇమిడిపోతాయి. కొడుకు కూలి పోయింది. అతణ్ణి ఒంటరిగా వదలలేక కోడలు పనికి వెళ్లడం మానింది. పెళ్లిపేరంటాలకు పోవడం ఎప్పుడో నిలిచిపోయింది. అన్నదమ్ముల మధ్య మాటలు లేవు. తల్లికి రక్తపుపోటు, ఆపైన నిద్రలేమి.

ఆ ఇద్దరు పరిశోధకులు అంతటితో ఆగలేదు. స్కిజోఫ్రీనియా రోగులను రెండు జట్లుగా, జట్టుకు 27 మంది చొప్పున తీసుకొన్నారు. ఒక జట్టును ఆసుపత్రిలో చేర్చుకొని చికిత్స చేశారు. రెండవ జట్టును ఇళ్లలోనే ఉంచి, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సును వారి ఇళ్లకు పంపారు. ఆరు నెలల పరిశీలనలో ఇంటివద్ద చికిత్స పొందినవారే వ్యాధి లక్షణాలలోను, నలుగురితో మెలగడంలోను మెరుగ్గా ఉన్నారు. కుటుంబాలమీది భారం బాగా తగ్గింది. ఖర్చు కూడ తక్కువే అయింది. ఈ ఫలితాలు 1980 దశకం ఆరంభంలోనే విదేశీ వైద్య పత్రికలలో వెలువడ్డాయి.

ఈ ఆలోచనకు పునాది అంతకుముందే పడింది. 1950 దశకంలో అమృతసర్ మానసిక చికిత్సాలయంలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలో డేరాలు వేయించి ఉంచి, చికిత్సలో వారినీ భాగస్వాములను చేశారు. భిలాయిలో కూలీల డేరాలు లేచింది కూడ ఆ దశకంలోనే! తర్వాత మధ్యప్రదేశ్‌లోని బర్వానీ జిల్లాలో గ్రామాలలోనే పునరావాసం కల్పించే పద్ధతిని పరీక్షించి, దీర్ఘకాలిక స్కిజోఫ్రీనియా రోగులకు అది కేవలం ఔట్‌పేషెంట్ చికిత్సకంటె మేలు చేసిందని 2003లో ప్రకటించారు. 2014లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన మరొక భారతీయ పరిశోధనలో 282 మంది రోగులు పాల్గొన్నారు. శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తలు వైద్యులకు తోడుగా సేవ చేసినప్పుడు రోగుల అశక్తత కొంత అధికంగా తగ్గినట్లు తేలింది. ఆ మేలు పరిమితమైనదేనని పరిశోధకులే స్పష్టంచేశారు. పరిమితమైన మేలు కూడ అందని కుటుంబాలకు అది చిన్న విషయం కాదు.

శిక్షణ అంటే ఏమిటి?

ఇంటికి వచ్చే నర్సు చేసే పని మందు బిళ్లలు లెక్కపెట్టడంతో తీరదు. మందు వల్ల చేతులు వణకుతున్నాయా, నిద్ర తగ్గిందా, స్నానం మానేశాడా అని కనిపెట్టాలి. వ్యాధి తిరగబెట్టే సూచనలను తల్లికి నేర్పాలి. మనిషిని చిన్న చిన్న పనులతో మళ్లీ దినచర్యలోకి దింపాలి. అమెరికన్ నర్సు హిల్డెగార్డ్ పెప్లావ్ నర్సుకూ రోగికీ ఏర్పడే అనుబంధమే చికిత్సలో ఒక సాధనమని 1952లో ఒక గ్రంథమే రాసింది. ఆ అనుబంధానికి భాష మొదటి మెట్టు.

మన బి.ఎస్సి. నర్సింగ్ పాఠ్యప్రణాళికలో మానసిక రోగుల పరిచర్య ఒక విషయంగా ఉన్నది. నర్సులకు ఏడాది డిప్లొమా, రెండేళ్ల ఎం.ఎస్సి. కూడ ఉన్నాయి. ఎం.ఎస్సి. విద్యార్థులు రాసే సిద్ధాంత పత్రాలు చాలవరకు ఒకే మూసలో సాగుతాయి. ఒక అంశంపై కొందరికి పాఠం చెప్పి, పాఠానికి ముందూ వెనుకా వారి తెలివిడికి మార్కులు వేయడం ఆ పద్ధతి. పాఠం విన్నవారికి మార్కులు పెరగడంలో వింతేమున్నది? రోగి మళ్లీ ఆసుపత్రి పాలయ్యాడా, పనిలోకి వెళ్లాడా, తల్లి నిద్రపోతున్నదా అని ఏడాదిపాటు అనుసరించి చూసే పరిశోధన కావాలి. అందుకు కాలమూ, ధనమూ, ఉద్యోగాలూ కావాలి.

2023 జూలై 28న లోక్‌సభలో మణిపూర్ వ్యవహారంపై నినాదాలు మిన్నంటుతుండగా జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ బిల్లు ఆమోదం పొందింది. రాజ్యసభ ఆగస్టు 8న ఆమోదించింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టంపై లోక్‌సభలో జరగవలసినంత చర్చ జరగలేదు. ఇళ్లకు వెళ్లే మానసిక చికిత్సా నర్సు గురించి మాట్లాడే అవకాశం ఆ కోలాహలంలో కొట్టుకుపోయింది.

ఛత్తీస్‌గఢ్‌కు ఈ దారి కొత్తది కాదు. భిలాయి కొలిమికి ఇనుప ఖనిజాన్ని పంపే దల్లీ రాజహరాలో గని కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వాన తమ విరాళాలతో షహీద్ ఆసుపత్రిని నిర్మించుకొని 1983లో ప్రారంభించారు. అక్కడ కార్మిక కుటుంబాలవారినే ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. 2002లో ఈ రాష్ట్రంలో మొదలైన మితానిన్ పథకం కూడ పల్లె స్త్రీలనే పల్లెకు ఆరోగ్య సేవికలను చేసింది. దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తల పథకానికి అదొక మాతృక. క్యాంప్-2లో పుట్టి, తెలుగూ హిందీ రెండూ వచ్చి, నర్సింగ్ చదువుకొన్న ఆడపిల్లలు భిలాయిలో ఉన్నారు. వారిలో ఒకరికి ఏడాది ప్రత్యేక శిక్షణ ఇప్పించి, ఒక సైకిలూ ఒక రిజిస్టరూ ఇచ్చి, ఇరవై ఏడు ఇళ్లు అప్పగించడం ప్రభుత్వానికి మోయలేని భారమా?

నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేకు ఎంపికయిన 12 రాష్ట్రాలలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. వ్యాధినిబట్టి 70 నుంచి 92 శాతం వరకు రోగులకు చికిత్స అందడంలేదని ఆ సర్వే తేల్చింది. ఏటా ఆరోగ్యశాఖ పద్దులు తరచు చర్చ లేకుండానే గిలెటిన్‌కు గురవుతుంటాయి. ప్రశ్నోత్తరాల సమయం ఇంకా మిగిలి ఉన్నది. పడకలెన్ని, వైద్యులెందరు అని సభ్యులు అడుగుతూనే ఉన్నారు; మంత్రులు పట్టికలు సమర్పిస్తూనే ఉన్నారు. శిక్షణ పొందిన మానసిక చికిత్సా నర్సులు జిల్లాకు ఎందరు, వారు గత ఏడాది ఎన్ని ఇళ్లకు వెళ్లారు, ఏ భాషలో మాట్లాడారు అన్న ప్రశ్నను మన తెలుగు సభ్యులలో ఒకరైనా వేయాలి. క్యాంప్-2లోని ఆ తల్లి ఆంధ్ర, తెలంగాణ సభ్యుల నియోజకవర్గాలలో వోటరు కాదు. అయినా ఆమె మాట అర్థమయ్యేది వారికే.