మీకు తెలుసా? ఎర్ర పిన్ను, తెల్ల పిన్ను

సీడీ ప్లేయర్‌ని యాంప్లిఫయర్‌కి కలిపే ఆర్‌సీఏ కేబుల్‌కి ఆ పేరు 1930లలో దాన్ని తెచ్చిన రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా నుంచి వచ్చింది. ఎరుపు కుడి స్పీకర్‌కి, తెలుపు ఎడమకి. సీడీ ప్లేయర్ ఇచ్చే సిగ్నల్ దాదాపు 2 వోల్టులు. అంత బలమైన సిగ్నల్‌కి, మీటరు దూరానికి కేబుల్‌పై వేలు పోయడం దండగే! బంగారు పూత చిలుము పట్టకుండా కాస్తుందంతే, పాటను తియ్యగా మార్చదు. రాగి తీగ, చుట్టూ ఒత్తుగా అల్లిన షీల్డు, బిగుతుగా కూర్చునే పిన్ను ఉంటే చాలు. పాత టీవీకి వాడిన పసుపు వీడియో కేబుల్ కూడా భేషుగ్గా పనికొస్తుంది. రికార్డ్ ప్లేయర్ సంగతి వేరు. అక్కడ సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే, కేబుల్ పొట్టిగా ఉండాలి. పిన్ను గుచ్చేముందు యాంప్లిఫయర్ ఆపండి. ఆర్‌సీఏ కేబుల్‌లో ఎర్త్ కన్నా ముందే సిగ్నల్ పిన్ను తగులుతుంది, స్పీకర్లు ‘బుర్ర్’మనేది అందుకే.